షావుకారు అరుగు మీద తలరాత

జహీరున్నీసా గుంటూరులో ఒక దర్జీ కూతురు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో వేళ్లు అరగదీసుకుంటూనే ఎమ్మే చదివింది. 2003లో రామకాంత్ అనే ప్రొఫెసరు దగ్గర పనికి కుదిరింది. పత్తి పోయిన రైతులు తమ నష్టం గురించి ఎలా మాట్లాడతారన్నది ఆయన పరిశోధన. ఊళ్లు తిరిగి టేపు చేసుకు రావడం, ఆ మాటలన్నీ కంప్యూటర్‌లో కొట్టడం ఈమె పని. సాఫ్ట్‌వేర్‌కి తెలుగు అక్షరాలు పడవు కనుక తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది. తర్వాత ఒక్కో మాటకీ అది దేని గురించో చెప్పే ఒక కోడ్ తగిలించాలి. తలరాత, ఖర్మ అన్న చోటల్లా ‘విధి’ అనే కోడ్.

నలభై టేపులు అయ్యాక, ఏ కోడ్ ఎన్నిసార్లు వచ్చిందో చూడ్డానికి రామకాంత్ మీట నొక్కాడు. తెర మీద ‘విధి’ గీత అన్నిటికన్నా పైకి లేచింది. రైతులు విత్తనాన్ని తప్పు పట్టడం లేదు, అంతా రాత అనుకుంటున్నారని రిపోర్టు రాసేశాడు. వారంలో అది విత్తనాల మీద విచారణ చేసే అధికారులకి వెళ్తుంది.

జహీరున్నీసాకి ఒళ్లు మండింది. లాల్‌బీ టేపు మళ్లీ పెట్టి వింది. తుళ్లూరు అవతల మూడెకరాల పత్తి వేస్తే ఒక్క కాయ పట్టలేదామెకి. “మా తలరాతమ్మా” అంటోంది. ఆ వెంటనే ఎవరో దగ్గారు. ఆ దగ్గు, ఆమెకి ఆ విత్తనం అమ్మిన కొట్టు షావుకారుది. రికార్డరుకి కరెంటు ఉందని, పైగా ఫ్యాను ఉందని, ఊరందర్నీ అతని అరుగు మీదే, మిగతా ఊళ్లలోనూ అలాంటి అరుగుల మీదే కూర్చోబెట్టి అడిగింది ఎవరు? తనే. చెంపలు వాయించుకోవాలనిపించింది.

‘షావుకారు ఎదుట’ అని కొత్త కోడ్ పెట్టి టేపులన్నీ మళ్లీ విని గుర్తులు పెట్టింది. రాత అన్న మాటలన్నీ దాదాపు దాని కిందికే వచ్చాయి. ఆ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే రామకాంత్, ఎక్కడ కూర్చున్నారన్నది మనకి అనవసరం అన్నాడు.

“మాట మీద పరిశోధన చేస్తూ, ఎవరి ముందు అన్నారో అక్కర్లేదంటే ఎలా సార్?”

ఆయన ఆ కాగితం పక్కకి నెట్టి రిపోర్టు మీద సంతకం పెట్టాడు. చదువుకున్న గుడ్డితనమంటే ఇదే.

మర్నాడే రికార్డరులో బ్యాటరీలు వేసుకుని బస్సెక్కింది. లాల్‌బీ చేలో ఎండిన పత్తి కట్టె పీకుతోంది. గట్టు మీద కూర్చుని, పత్తి ఎందుకు పోయిందన్న పాత ప్రశ్నే అడిగింది జహీరున్నీసా. లాల్‌బీ ముందు చుట్టూ చూసింది. తర్వాత రికార్డరు మీదికి వంగి తన పేరు, ఊరు, విత్తనం ప్యాకెట్టు మీది నంబరు చెప్పింది.

“విత్తనం దొంగది. తలరాత అన్నదీ నేనే, అది కొట్టెయ్యమాక. ఎవడి అరుగు మీద అన్నానో పక్కనే రాయి.”