ఇసుక దిబ్బ మీద చెక్కలు

నేను ఒకప్పుడు స్కీ చేశాను. మంచు మీద కాదు, ఇసుక మీద. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మొన్న చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంటే మా అన్న మనవరాలు ఫోను పట్టుకుని వచ్చి ఆనుకుని కూర్చుంది. తెల్లటి కొండ మీద నుంచి రంగురంగుల కోట్లు వేసుకున్న మనుషులు కాళ్లకు పలకలు తగిలించుకుని జారుతున్నారు. "జేజీ, ఇయ్యేందో నీకు తెలుసా?" అని పరీక్ష పెట్టింది. తెలియదన్నాను. ఇంకేం, టీచరమ్మ అయిపోయింది. పొడుగ్గా ఉంటే స్కీలంట, పొట్టిగా ఉంటే స్కీబోర్డులంట, మంచు లేకపోతే పనికిరావంట. నేను బుద్ధిగా తలూపుతూ విన్నాను. ఆ చివరి మాట తప్పని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. గింజలన్నీ ఒక పక్కకు, చింతపండంతా ఒక పక్కకు చేసి, లేచి వంటింట్లోకి వెళ్లాను. అక్కడ నిలబడి నాలో నేను నవ్వుకున్నాను.

అది తొంభైల నాటి మాట. నాకు ఇరవై దాటాయి. ఖతర్‌లో ముఐథర్ అనే చోట ఒక పెద్ద ఇంట్లో పనికి ఉండేదాన్ని. మా కడప వైపు గల్ఫ్ అంటే కువైటే కాబట్టి ఊళ్లో అందరూ నేను కువైట్‌లో ఉన్నాననే చెప్పుకునేవాళ్లు. మా అమ్మ కూడా సరిదిద్దేది కాదు. నన్ను అక్కడికి పిలిపించింది మా చిన్నాయన. నాన్నకు వరసకు తమ్ముడు, ఆ ఇంట్లోనే డ్రైవరు. నాన్న పోయాక ఇంటర్ మధ్యలో మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టిన అన్న, నన్ను పంపడానికి ఒప్పుకున్నది చిన్నాయన అక్కడ ఉన్నాడనే. పంపుతూ ఒక మాట అన్నాడు: "ఒక్క సెడ్డమాట నా చెవిన పడిందా, మర్సనాడే వచ్చేయాల. మళ్లీ గడప దాటేది లేదు." దాటకపోవడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. మా ఇంట్లో తలుపు గడియ వేసుకుని ఒక పుస్తకం చదువుకునే చోటు నాకు ఎప్పుడూ లేదు. ముఐథర్‌లో ఉండేది. వంటింటి వెనక, సామాన్ల గది పక్కన, మంచం పడితే కాలు పెట్టడానికి చోటు లేని చిన్న గది. కానీ దానికి లోపలి నుంచి గడియ ఉండేది. ఆ గడియ కోసమే నేను ఆ దేశంలో ఉండాలనుకున్నానని చెబితే అప్పుడు ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

చిన్నాయన మీద నాకు అనుమానం. ఎందుకో చెబుతాను. అప్పట్లో ఫోను చేయడం మాటలు కాదు. ఖాళీ క్యాసెట్‌లో మాటలు రికార్డు చేసి, సెలవుకు ఊరెళ్లేవాళ్ల చేతికి ఇచ్చి పంపేవాళ్లం, అక్కడి నుంచి అలాగే వచ్చేవి. ఒకసారి ఇంటివాళ్లు అల్ రువైస్‌లో బంధువుల దగ్గరకు వెళ్తూ నన్నూ వెంట తీసుకెళ్లారు. చేపల పడవల దగ్గర గవ్వలు ఏరుకుంటూ ఒక గంట ఒంటరిగా నడిచాను. అంతే. ఆ సంగతి ఇంటికి చెప్పలేదు. ఆ తర్వాత వచ్చిన క్యాసెట్‌లో, బర్రె ఈనిందనే కబురుకూ చెల్లెలి జ్వరం కబురుకూ మధ్యన, అన్న గొంతు వినిపించింది: "సముద్రం గట్టున తిరుగుతాండావు గదా." ఆ ఇంట్లో మా ఊరు తెలిసినవాడు ఒక్కడే. ఆ రోజు కారు నడిపింది కూడా ఆ ఒక్కడే.

అప్పటి నుంచి ఆయన ఏం చేసినా నాకు దానిలో ఏదో ఒకటి కనిపించేది. దుఖాన్‌లో చమురు కంపెనీ క్వార్టర్లలో ఒక తెలుగు కుటుంబం ఉండేది. అటు డ్యూటీ పడినప్పుడల్లా వాళ్లు చదివి పడేసిన వారపత్రికలు కట్ట కట్టి తెచ్చి వంటింటి కిటికీలో పెట్టేవాడు. "సదువుకో పాపా" అనేవాడు, అంతకుమించి ఒక్క మాట ఎక్కువ కాదు. నేను వాటిని ఆశగా చదివేదాన్ని, ఆశగా చదువుతూనే, ఈయనకు నా మీద ఇంత దయ ఎందుకా అని ఆలోచించేదాన్ని. నాకు డైరీ రాసే అలవాటుంది. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగిన మనిషి నేను కాక ఆయన ఒక్కడే కాబట్టి, రాయదలచుకున్నదాంట్లో సగం రాసేదాన్ని కాదు. మిగిలిన సగంలో ఎక్కువ భాగం వాతావరణం.

ఆ చలికాలం ఇంటివాళ్లు మంచు దేశానికి సెలవులకు వెళ్లొచ్చారు. తిరిగొచ్చిన పెట్టెలు సర్దుతుంటే పెద్దకూతురు వచ్చి ఒక పెట్టె నా చేతిలోంచి లాక్కుంది. పదహారు, పదిహేడేళ్ల పిల్ల. మాట కటువుగా ఉండేది, నడక ఇంకా కటువుగా ఉండేది. మరునాడు తనే పిలిచి మంచం కింద నుంచి ఆ పెట్టె తీసి చూపించింది. నారింజ రంగు పలకలు రెండు. మోచేతి నుంచి వేళ్ల చివరిదాకా కొలిస్తే రెండు మూరలుంటాయి. ముందూ వెనకా పైకి వంగి, మధ్యలో బూటు బిగించే కొక్కేలు. పక్కన ఇటుకల్లాంటి బూట్లు. అక్కడ కొండ మీద తమ్ముళ్లు రోజంతా జారుతుంటే ఈ పిల్లను హోటలు కిటికీ దగ్గర అమ్మ పక్కన కూర్చోబెట్టారట. తిరిగి వచ్చే రోజు తనే దుకాణానికి వెళ్లి కొనేసిందట. తండ్రికి తెలియదు. "నీకు తప్ప ఎవరికీ తెలియదు" అంది, నేనేదో అప్పుడే చెప్పేసినట్టు నా మొహంలోకి చూస్తూ. నాకు కొత్త బెంగ పట్టుకుంది. రేపు ఇది ఎలా బయటపడినా మొదట చూసేది నా వైపే.

చలికాలంలో ఇంటివాళ్లు దక్షిణాన ఇసుక దిబ్బల దగ్గర గుడారాలు వేసుకుని కొన్నాళ్లు గడిపేవాళ్లు. ఒక రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ గుడారాల్లో నడుం వాల్చారు. పెద్దకూతురు పెట్టెను దుప్పట్లో చుట్టి నా నెత్తిన పెట్టి, చిన్నాయనను కారు తీయమంది. ఇసుకలోకి దిగే ముందు ఆయన చక్రాల పక్కన గొంతుక్కూర్చుని, అవి కూరుకుపోకుండా అగ్గిపుల్లతో నొక్కి గాలి తీస్తున్నాడు. నా అడుగుల చప్పుడు విని, తల పైకెత్తకుండానే అన్నాడు:

"మ్మే, ఆ దుప్పట్లో ఏందది?"

"నాకేం తెలుసు చిన్నాయనా."

"చెక్కలు. పొద్దున బండ్లో పెట్టేటప్పుడు సూసినా. నీ కాళ్లకే కడతారు, సూడు."

"నా కాళ్లకెందుకు కడతారు?"

"మొన్న ఆ నడిచే మిషనీ వచ్చినప్పుడు దాని మింద మొదట నడిచింది ఎవురు, నేనా?"

అది నిజమే. ఆ ఇంట్లో అదొక పద్ధతి. కొత్త అత్తరు వస్తే మొదట నా చేతి మీద చల్లి చూసేవాళ్లు. కొత్త ఇస్త్రీపెట్టె వస్తే మొదట నా బట్టల మీద. దగ్గు మందు కూడా ఒకసారి, నాకు దగ్గు లేకపోయినా. చిన్నాయన చివరి చక్రం దగ్గర లేచి నిలబడి, లుంగీ దులుపుకున్నట్టు ప్యాంటు దులుపుకుని, "కాలిరిగితే ఆస్పత్రికి కాదు, ఏరోప్లేనుకు తోల్తారు" అన్నాడు. అది హెచ్చరికో, నా నోటి నుంచి ఏదైనా రాబట్టడానికో నాకు తెలియలేదు. మూట ఒళ్లో పెట్టుకుని బండెక్కాను.

దిబ్బ చూడడానికి మెత్తగా ఉంది కానీ ఎక్కుతుంటే ఒక అడుగు పైకి, అర అడుగు కిందకి. ఆడవాళ్లు ఆడుకునే చోట డ్రైవరు వీపు తిప్పి కూర్చోవాలి. అది ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్నాయన కారును కింద, మాకు వెనక భాగం కనిపించేటట్టు ఆపి, లోపలే కూర్చుని స్టీరింగు మీద మోచేతులు ఆనించాడు. పై అంచుకు చేరాక పెద్దకూతురు దుప్పటి విప్పింది. పలకల అడుగున కొవ్వొత్తి రుద్దమంది, రుద్దాను. బూట్లు తీసింది. తనకు వేసుకుంటుందనుకున్నాను. నా ముందు పెట్టింది.

"ఎంతీ అవ్వల్" అంది. ముందు నువ్వు.

చిన్నాయన మాటే నిజమైంది. నా పాదాలు చిన్నవి కాబట్టి రెండు జతల మేజోళ్లు తొడిగి కొక్కేలు బిగించింది. వద్దనడం నాకు రాదు. ఆ ఇంట్లోనే కాదు, ఎక్కడా రాదు. చేతులు రెండు పక్కలా చాచి నిటారుగా నిలబడ్డాను. వెనక నుంచి వేలితో నెట్టింది. మొదట ఏమీ జరగలేదు, తర్వాత ఇసుక నా కింద నుంచి బియ్యం జల్లెడ పట్టినప్పటి చప్పుడుతో కదిలింది. గౌను గాలికి పొంగింది. కళ్లు మూసుకున్నాను. దిబ్బ సగంలో బోర్లా పడ్డాను. నోట్లో, ముక్కులో, చెవుల్లో ఇసుక. ఎముకలన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటూ తల ఎత్తేసరికి ఆ పిల్ల నా పక్కకు పరుగెత్తుకుంటూ జారి వచ్చింది. మొహం పాలిపోయింది. నా కాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "నొప్పి ఉందా? నిజంగా లేదా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. అప్పుడు అర్థమైంది. నన్ను ఆట పట్టించడానికి కాదు, తనకు భయమేసి నన్ను ముందు ఎక్కించింది. దాచి తెచ్చుకున్నంత ధైర్యం ఉంది, కాలు పెట్టే ధైర్యం లేదు. నేను ఇసుక ఉమ్మి నవ్వడం మొదలుపెట్టాను. అంత గట్టిగా నవ్వగలనని నాకే తెలియదు. తర్వాత నేను చేసిన పని చెబుతాను. ఇంకోసారి ఎక్కుతానని నేనే అడిగాను.

మొదటిసారి పనిమనిషిగా జారాను. రెండోసారి కళ్లు తెరుచుకుని, నా ఇష్టంతో. చుట్టూ ఎర్రటి ఎండ, దూరంగా సముద్రం ఒక గీతలా, ఎవరూ పిలవని చోటికి పోతున్నట్టుంది. దాదాపు అడుగుదాకా వచ్చి పడ్డాను. అక్కడి నుంచి కారు దగ్గరే. లేస్తూ చూశాను. చిన్నాయన వీపు అలాగే ఉంది, తల కదలలేదు. కానీ డ్రైవరు వైపు పక్కద్దం రోడ్డు చూసేటట్టు లేదు. పైకి ఎత్తి ఉంది, దిబ్బ వైపుకి. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత పెద్దకూతురు ఎక్కింది, పడింది, మళ్లీ ఎక్కింది, అరిచింది. నేను అద్దం వైపే చూస్తూ నిలబడ్డాను. తిరిగి వెళ్లేటప్పుడు బండి కదిలించే ముందు ఆయన చెయ్యి బయటపెట్టి అద్దాన్ని మెల్లగా కిందకు దించాడు. ఆ రోజు డైరీలో "గాలి ఎక్కువగా ఉంది" అని రాశాను.

ఇక ఎదురుచూపు మొదలైంది. పక్క వీధి నుంచి ఎవరైనా ఊరెళ్తున్నారని తెలిస్తే చాలు, చిన్నాయన వాళ్ల చేతికి క్యాసెట్ ఇస్తున్నాడేమోనని కిటికీలోంచి చూసేదాన్ని. ఇచ్చేవాడు కూడా. అన్న దగ్గరి నుంచి క్యాసెట్ వస్తే గడియ వేసుకుని ఒంటరిగా వినేదాన్ని. మొదటిదాంట్లో వానలు. రెండోదాంట్లో మేనత్త కీళ్లనొప్పులు. ఏమీ లేదు. ఏమీ లేకపోయేసరికి ఇంకా భయమేసింది. నేను ఇంటికి వచ్చినప్పుడు ఒకేసారి అడగడానికి దాచి పెట్టుకున్నాడేమో అనుకున్నాను. మధ్యలో చిన్నాయన పత్రికల కట్టలు తెచ్చి పెడుతూనే ఉన్నాడు. ఒకసారి ఉండబట్టలేక, "ఊరికి ఏం రికార్డు చేస్తావు చిన్నాయనా?" అని అడిగాను. "ఏముంది మ్మే, ఎండలు, బండి, నీ పిన్నమ్మ చీర కొలత" అన్నాడు. నమ్మలేదు.

నా గడువు అయిపోయేదాకా అక్కడే ఉన్నాను. ఎవరూ రప్పించలేదు. ఇంటికి వచ్చాక అన్న దాచిపెట్టి అడిగింది కూడా ఏమీ లేదు. గోడ మీద నా ఫోటో ఒకటి కట్టించి పెట్టారు. ముఐథర్‌లో నా గదిలో పెద్దకూతురు తీసింది, సముద్రం మాట ఉన్న ఆ క్యాసెట్ రాకముందు నేనే పంపింది. దాని ముందు నిలబడి తల దువ్వుకుంటుంటే ఒకనాడు నా కంటపడింది. ఫోటోలో నా భుజం వెనక, కిటికీ మీద, అల్ రువైస్‌లో ఏరుకున్న గవ్వలు వరసగా పేర్చి ఉన్నాయి. "అవి సూసే గదా మీ అన్న అనింది, సముద్రానికి పోయింటాదని" అంది అమ్మ, బియ్యం చెరుగుతూ.

ఈ సంగతి చిన్నాయనకు చెప్పే వీలు కలగలేదు. ఆయన తర్వాత కువైట్‌లో ఇంకో ఇంటికి మారాడు, అక్కడే పోయాడు. నేను అప్పుడు భయపడినవి ఏమిటో గుర్తు చేసుకోవాలంటే ఇప్పుడు కష్టపడాలి. భయపడకుండా జారిన ఆ కాసేపటి జ్ఞాపకంలో మాత్రం ఒక్క గింజ ఇసుక కూడా తగ్గలేదు. మొన్న మనవరాలు ఫోను చూపించినప్పుడు నాకు మొదట కళ్ల ముందుకొచ్చింది కొండ కాదు, దోహా విమానాశ్రయం. నేను ఊరొచ్చేసే రోజున ఆయనే దింపాడు. పెట్టె దించి, దాని తాడు ముడి లాగి చూసి, లోపలికి పొమ్మని చెయ్యి ఊపాడు. నేను నాలుగడుగులు వేశాక వెనక నుంచి పిలిచాడు. ఇప్పుడు అడుగుతాడనుకున్నాను. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"పాపా, ఇంకెప్పుడన్నా ఆ చెక్కలెక్కితే మోకాళ్లు రవ్వంత వంచమ్మే. కరెంటు స్తంభం మాదిరి నిలబడితే పడకేమైతాది."