వెంకటేశులు నోరు మూసుకున్న నెల

మదనపల్లె టమోటా మార్కెట్టులో ఎండ రేకుల మీదికి ఎక్కేసరికి వెంకటేశులు గొంతు మూడు మండీల అవతలికి వినబడేది. ఈశ్వరప్ప మండీలో వేలంపాట పాడే మనిషి అతను. రైతులు తెచ్చిన కాయను క్రేట్లలో వరసగా పేర్చి, చుట్టూ వ్యాపారులు గుమిగూడాక, ఒక ఖాళీ క్రేటు బోర్లించి దానిమీదికెక్కి ధర ఎత్తుకునేవాడు. ఎత్తుకున్నాక ఇక ఊపిరి తీసుకుంటున్నాడో లేదో కూడా తెలిసేది కాదు. గుర్రంకొండ నుంచీ కలికిరి నుంచీ వచ్చే రైతులు కొందరు, "వెంకటేశులన్న పాడతాడంటేనే సరుకు దించుతాం" అని పట్టుబట్టేవారు. అతను పాడితే ఆవలిస్తూ నిలబడిన వ్యాపారి కూడా చెయ్యెత్తుతాడని వాళ్ల నమ్మకం.

ఆ గొంతును మార్కెట్టులో వదిలిపెట్టి రావడం అతనికి చేతనయ్యేది కాదు. ఇంట్లో మంచినీళ్లడిగినా వీధి చివర చాకిరేవు దాకా తెలిసిపోయేది.

"నేను ఈడే ఉండాను కదయ్యా, కలికిరిలో ఉన్నట్టు అరస్తావేంది?" అనేది అతని భార్య వసంతమ్మ.

ఆ మాటకు అతను పెద్దగా నవ్వి, ఆ రోజు మండీలో ఎవరు ఎవరితో తగువుపడ్డారో మొదలుపెట్టేవాడు. అన్నం తింటూ చెప్పేవాడు, చెయ్యి కడుక్కుంటూ చెప్పేవాడు. చెప్పడానికేమీ మిగలకపోతే పాత పాటలు అందుకునేవాడు. వసంతమ్మ ఆవుకు గడ్డి వేస్తూ, పాలు పిండుతూ "ఊ" కొట్టేది. పెళ్లయిన ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో మాట అతనిది, ఊ కొట్టడం ఆమెది.

వానాకాలం మొదట్లో ఆ గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగాడు, ఉప్పునీళ్లు పుక్కిలించాడు, తుండుగుడ్డ మెడకు చుట్టుకున్నాడు. మార్కెట్టుకు పోవడం మాత్రం మానలేదు. చివరికి ఒకరోజు ధర పలుకుతుండగా నోరు కదులుతోంది గానీ శబ్దం బయటికి రాలేదు. వ్యాపారులు ముందు వేళాకోళమనుకుని నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఈశ్వరప్పే స్వయంగా వచ్చి చెయ్యి పట్టుకుని క్రేటు మీది నుంచి దించాడు.

కూతురు అర్చన సెలవు పెట్టి నాన్నను కుప్పంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. వసంతమ్మ ఈనమోపుగా ఉన్న ఆవును వదిలి రాలేక ఇంట్లోనే ఉండిపోయింది. కుప్పం డాక్టరమ్మ గొంతులోకి సన్నటి గొట్టం దించి చూసి, తెర మీద చూపించింది.

"గొంతులో చిన్న కాయ ఉందండీ. భయపడాల్సింది కాదు. తీసేద్దాం."

వెంకటేశులు ఆ బొమ్మకేసి చాలాసేపు చూశాడు. ఇన్నేళ్లు కాయల మధ్య బతికిన మనిషి. తన గొంతులోనే ఒకటి కాస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

కాయ తీయడం సులువుగానే అయిపోయింది. కష్టం తర్వాత మొదలైంది. "నెల రోజులు మాట్లాడకూడదు" అంది డాక్టరమ్మ. సరేనన్నట్టు తలూపాడు. "గుసగుసలు అసలే వద్దు. మామూలు మాట కంటే గుసగుసే గొంతును ఎక్కువ నొక్కుతుంది." దానికీ తలూపాడు. "కూనిరాగాలు కూడా తీయొద్దు." ఈసారి తల ఊగలేదు. అర్చన పక్క నుంచి మోచేత్తో పొడిస్తే అప్పుడు ఊపాడు.

ఆసుపత్రిలోనే తెలిసిపోయింది అతని వల్ల కాదని. ఫోను మోగితే చాలు, చెయ్యి దానంతటదే పోయి ఎత్తేది, నోట్లోంచి "అలో" అని సగం ఊడిపడేది. అర్చన ఫోను లాక్కుని తన సంచిలో వేసుకుంది. పక్క మంచం మీది రోగి "ఏ ఊరన్నా మీది?" అని అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేక మొహం ఎర్రగా చేసుకుని గోడవైపు తిరిగాడు. కూతురుకు అది చూసి నవ్వొచ్చింది, వెంటనే జాలీ వేసింది. ఈ మనిషికి మాట పోవడమంటే వేరేవాళ్లకు కాళ్లు కట్టేసినట్టు.

ఇంటికి పోయేటప్పుడు పుంగనూరులో బస్సు మారాలి. బస్టాండుకు నాలుగడుగుల్లోనే ఖాదర్ వలి దుకాణం ఉంది. రేడియోలు, ఛార్జర్లు, గోడగడియారాలు, పిల్లల బొమ్మలు అన్నీ అమ్ముతాడు. వయసులో ఉన్నప్పుడు ఈశ్వరప్ప మండీలోనే క్రేట్లు లెక్కపెట్టేవాడు, అప్పటి నుంచీ వెంకటేశులుకు స్నేహితుడు.

"ఖాదర్ మామా, నాయనకు పొద్దుపోయేదానికి ఏదన్నా ఒకటి సూపించు" అంది అర్చన. "ఫోను మాత్రం వద్దు. మోగితే ఎత్తేస్తాడు."

ఖాదర్ వలి స్నేహితుణ్ణి పైకీ కిందికీ చూసి, సంగతి విని, నాలుక కరుచుకున్నాడు. "అరె అల్లా! వెంకటేశులన్న మాట్లాడకుండా ఉండాడా?" అని, అద్దాల బీరువాలోంచి రెండు వస్తువులు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి అరచేతిలో ఇమిడే పాటల పెట్టె. వేలకొద్దీ పాత పాటలు దాంట్లోనే ఎక్కించి ఉన్నాయి, చెవుల్లో పెట్టుకుని వినొచ్చు. రెండోది ఆటల డబ్బా. చిన్న తెర, అటు నాలుగు మీటలు, ఇటు నాలుగు మీటలు.

"పాటల మనిషికి పాటలే కదమ్మా" అని మొదటిది ముందుకు తోశాడు ఖాదర్ వలి. అర్చనా అదే అనుకుంది. వెంకటేశులైతే రెండోదాన్ని కన్నెత్తి కూడా చూడలేదు. పాటల పెట్టె తీసుకుని చెవుల్లో పెట్టుకుని, కుర్చీలో వెనక్కు వాలి కళ్లు మూసుకున్నాడు. ఆసుపత్రికి పోయినప్పటి నుంచీ బిగుసుకుపోయి ఉన్న మొహం మెల్లగా విచ్చుకుంది.

అర్చన ఊపిరి పీల్చుకుని బేరం మొదలుపెట్టబోయింది. అంతలో నాన్న మెడ దగ్గర చిన్న కదలిక కనిపించింది. దగ్గరికి పోయి రెండువేళ్లు అతని గొంతు మీద ఆనించింది. లోపల పిల్లి గురకలాగా సన్నగా అదురుతోంది.

"నాయనా! పాడతాండావు!"

అతను ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. లేదని రెండు చేతులూ ఊపాడు. ప్రమాణంగా లేదని నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. అబద్ధం కాదు, అతనికి నిజంగానే తెలియదు. మళ్లీ ప్రయత్నిద్దామని సైగ చేసి, ఈసారి పెదవులు గట్టిగా బిగించి కూర్చున్నాడు. అర్చన వేళ్లు తీయలేదు. పల్లవి అయ్యేదాకా గొంతు రాయిలా ఉంది. చరణంలోకి పోగానే మళ్లీ అదిరింది. ఖాదర్ వలి కూడా చెయ్యి పెట్టి చూసి, బాధగా తల అడ్డంగా ఊపాడు.

"అన్నా, నీకు పాట చెవిలోకి పోతే నేరుగా గొంతులోకే దిగుతాది. ఇది నీకు ఇయ్యను" అని పెట్టె వెనక్కు తీసుకుని, ఆటల డబ్బాను అతని చేతిలో పెట్టాడు.

వెంకటేశులుకు చెప్పలేనంత అవమానమైంది. మండీలో వందమందిని నిలబెట్టిన మనిషి చేతికి చంటిపిల్లల బొమ్మ! నోరుంటే ఖాదర్‌కు నాలుగు మాటలు తగిలించేవాడు. నోరు లేదు. డబ్బా బల్లమీద పెట్టేసి, కూతురు పిలుస్తున్నా వినకుండా దుకాణం దిగి, బస్టాండుకు పోయి అరుగు మీద కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఖాదర్ మీద కోపం అప్పటికే పోయింది. పాటలు కూడా పోయాయే అన్నదే అతని బాధ.

అక్కడ అతన్ని చౌడేపల్లె రైతు ఒకాయన పట్టుకున్నాడు. "ఏమన్నా వెంకటేశులన్నా! నువ్వీడ ఉండావేంది? మండీలో కనపడ్డం లేదే? కాయ ఎట్ల పోతాండాది ఇప్పుడు?" అని పక్కనే కూర్చుని భుజమ్మీద చెయ్యి వేశాడు.

టమోటా ధర అడిగితే చెప్పకుండా ఉండటం వెంకటేశులు వల్ల అయ్యే పని కాదు. మాట గొంతుదాకా వచ్చేసింది, నోరు తెరుచుకుంది. వెనకే పరుగెత్తుకొచ్చిన అర్చన చటుక్కున అరచేత్తో మూసింది.

"మాట్లాడకూడదన్నా ఆయన! ఆపరేసనయింది!"

రైతు కంగారుపడి లేచి, చేతులు జోడించి, పదేపదే "తెలీదు తల్లీ, తెలీదు" అంటూ పోయాడు. కూతురు చెయ్యి ఇంకా నోటిమీదే ఉంది. రైతు కనుమరుగైనా ఆమె దాన్ని తీయలేదు. ఆసుపత్రిలో ఒక్కసారి కూడా బెదరని పిల్ల. అప్పుడర్థమైంది అతనికి. ఇంటికి పోతే ఇలాంటివాళ్లు రోజూ వస్తారు. ఖాళీగా కూర్చున్న మనిషినైతే పలకరిస్తారు. తల వంచుకుని ఏదో పనిలో ఉన్న మనిషి జోలికి రారు.

లేచాడు. కూతురి చెయ్యి పట్టుకుని మళ్లీ దుకాణం మెట్లెక్కాడు. పాటల పెట్టెకేసి ఒక్కసారి చూసి, ఆటల డబ్బా మీద వేలు పెట్టి చూపించాడు.

ఖాదర్ వలి టీ తెప్పించాడు. ఏ మీట ఎందుకో ఓపిగ్గా నేర్పించి, దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆ డబ్బాలో వందలాది ఆటలుండేవి గానీ, వెంకటేశులు ఒక్కదానికే అతుక్కుపోయాడు. పైనుంచి రకరకాల ఆకారాల్లో దిమ్మెలు పడుతుంటాయి, వాటిని తిప్పి సందుల్లేకుండా వరసగా పేర్చాలి. అతని కంటికి అవి దిమ్మెలు కావు, లారీకెక్కే క్రేట్లు. సందు మిగిలితే ఊరుకునేవాడు కాదు. ఎవరైనా వచ్చి గుమ్మంలో నిలబడినా తల ఎత్తేవాడు కాదు. ఓడిపోయినప్పుడు మాత్రం తొడ చరుచుకుని నోరు తెరిచేవాడు, వెంటనే చేత్తో మూసుకునేవాడు. ఆ మూసుకోవడం చూసి వసంతమ్మ పడీపడీ నవ్వేది.

మొదట్లో ఆ ఇంటి నిశ్శబ్దం ఆమెకే బెదురుగా ఉండేది. వంట చేస్తూ మధ్యలో బయటికొచ్చి మనిషి ఉన్నాడా లేదా చూసి పోయేది. ఆ నిశ్శబ్దం భరించలేకే ఒకరోజు ఆవు సంగతి చెప్పింది. మరుసటిరోజు పక్కింటివాళ్ల సంగతి. ఆ తర్వాత తన చిన్నప్పటి సంగతులు వాటంతటవే రావడం మొదలైంది. వెంకటేశులు మీటలు నొక్కుతూనే చెవి ఇటు పెట్టేవాడు. కొన్నాళ్లకు, ఆమె చెప్పేటప్పుడు ఆట ఆపేసి డబ్బా ఒడిలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆమెకు నవ్వడం వచ్చని అతనికి తెలుసు గానీ, నవ్వించడం కూడా వచ్చని ఇన్నేళ్లూ తెలియదు. ఎవరినైనా అనుకరించిందంటే ఆ మనిషి ఎదురుగా నిలబడినట్టే ఉండేది. వేలంపాట పాడే వెంకటేశులును కూడా అనుకరించింది ఒకరోజు, చీర కొంగు నడుముకు చెక్కి, పీటమీదికెక్కి. అతను నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పారిపోయాడు.

నెల గడిచాక కుప్పం పోయేరోజు ఆమే వెంట వచ్చింది. ఆవు ఈనింది, దూడ బాగుంది, అర్చన చూసుకుంటానంది. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడు వసంతమ్మ పుట్టినూరు చౌడేపల్లెలో తన పన్నెండేళ్లప్పటి కథ ఎత్తుకుంది. పుంగనూరుకు సర్కస్ వచ్చిందట. ఇంట్లో అడిగితే పంపరని, పాలకేంద్రానికి పోయాల్సిన పాలల్లో సగం హోటలుకు అమ్మేసి, మిగతా సగంలో నీళ్లు కలిపి పోసి, చెల్లెల్ని వెంటబెట్టుకుని సర్కసుకు పోయిందట.

"సాయంత్రం ఇంటికొచ్చేతలికి మా నాయన వాకిట్లో నిలబడుకొని ఉండాడు. చేతిలో పాలకేను ఉండాది..."

అంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది.

డాక్టరమ్మ గొట్టం దించి చూసి, బాగా మానిందని చెప్పి, "ఏదీ, మెల్లగా అంకెలు లెక్కపెట్టండి చూద్దాం" అంది.

వెంకటేశులుకు భయమేసింది. నెలరోజులు మూతపడిన తలుపు తెరుచుకుంటుందో లేదో. నోరు తెరిచాడు.

"మున్నూరు... మున్నూటిపది... మున్నూటిరవై..."

డాక్టరమ్మ నోరెళ్లబెట్టింది. "ఒకటి నుంచి అండీ!"

"అలవాటమ్మా" అన్నాడు. గొంతు కొంచెం సన్నబడింది, అంచుల్లో కాస్త గరుకు ఉంది. అయినా తన గొంతే. గుమ్మంలో నిలబడిన వసంతమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఇక అరవకూడదని, కావాలంటే మైకు పెట్టుకోమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఈశ్వరప్పకు ఫోను చేస్తే, ఒక మైకేం ఖర్మ, రెండు పెట్టిస్తానన్నాడు. సగం వేలంపాటలు నవీన్ అనే కుర్ర గుమాస్తా పాడేటట్టు, సగం వెంకటేశులు పాడేటట్టు అప్పటికప్పుడే ఒప్పందమైపోయింది.

తిరుగు బస్సులో వసంతమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఇక మళ్లీ మొదలవుతుందిలే అనుకుంటూ ఊ కొట్టడానికి సిద్ధపడి, భర్త మొహంలోకి చూసింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"మీ నాయన కనిపెట్టినాడా, లేదా?" అన్నాడు.

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఇంత చేసుకుంది.

"కనిపెట్టక! ఆ మనిసి పాలల్లో యేలు ముంచితే సాలు, నీళ్లెన్నో సెప్తాడు. ఇని సూడు ఏం జరిగిందో" అని అతని వైపు తిరిగి, కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంది.

పలమనేరు వచ్చింది, పోయింది. కండక్టరు టికెట్లడిగితే వెంకటేశులు తల తిప్పకుండానే జేబులోంచి డబ్బులు తీసిచ్చాడు.