ఫ్యాన్ అంచున కొలిచిన గాలి

ఆఫీసులోనూ ఇంట్లోనూ ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఇది. ఆ రోజు ఫ్యాన్ గాలిని నేను ఒక్కచోటే కొలవడానికి కారణం ఎండు చేపల వాసన. డైరీలో కూడా ‘తొందరలో పొరపాటు జరిగింది’ అనే రాసుకున్నాను.

2023 వానాకాలం. శ్రీకాకుళంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తయారుచేసే చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. భావనపాడు వైపు మత్స్యకార మహిళల సంఘం ఒకటి, ముసురు రోజుల్లోనూ చేపలు ఎండబెట్టుకోవడానికి డ్రయ్యర్ షెడ్డు కట్టించుకుంది. ఒక చివర నుంచి వేడి గాలి లోపలికి వస్తుంది. రెండో చివర మా యాక్సియల్ ఫ్యాన్, అంటే గాలిని ఇరుసు వెంబడి నేరుగా నెట్టే ఫ్యాన్, తడి గాలిని బయటికి తోస్తుంది. అది సరిగా పనిచేస్తోందో లేదో చూసి చెప్పడం నా పని.

గాలి వేగం కొలిచే అనెమోమీటర్‌ను ఫ్యాన్ నడిమధ్య నుంచి అంచు దాకా చాలాచోట్ల పెట్టి చూడాలి. అందుకు చేపల వాసన నిండిన ఆ గాలికి ఎదురుగా నిలబడాలి. మా ఇంట్లో గుడ్డు కూడా వండరు. పక్క గోడకు ఆనుకుని, చెయ్యి మాత్రం చాచి, అంచు దగ్గర ఒక్కసారి కొలిచాను. వేగం బాగుంది. “ఫ్యాన్ బాగుందండి” అని సంఘం పెద్ద నూకాలమ్మకు చెప్పి బస్సెక్కేశాను.

తర్వాత ముసురు పట్టింది. ట్రేల మీద కానాగంత చేపలు మెత్తబడి పురుగు పట్టాయి. అన్నీ ఇసుకలో పాతిపెట్టారట. కబురందుకుని వెళ్లేసరికి నూకాలమ్మ ఫ్యాన్‌ను తప్పుపట్టనే లేదు.

“మిషను బాగున్నాదని నువ్వు సెప్పి ఎల్లినావు కదమ్మా. మరింక తప్పెవలది? ఉప్పు ఏసినోలదే. మా కోడలికి సేపకి ఉప్పు పట్టించడం ఇప్పటికీ తెల్దు.”

“ఎప్పట్లాగే ఏసినానత్తా” అంది కోడలు పోలమ్మ, గుమ్మం బయటి నుంచే.

“ఎప్పట్లాగే ఏస్తే పురుగులెందుకొచ్చినాయే, సుట్టంసూపుకా?”

అందరూ నవ్వారు. పోలమ్మను షెడ్డు పనిలోంచి తీసేశారని అప్పుడు తెలిసింది.

ఈసారి షెడ్డు బయట ఫ్యాన్‌కు ఎదురుగా నిలబడి అగరుబత్తి వెలిగించాను. అంచు దగ్గర పొగ దూరంగా ఎగిరిపోయింది. నడిమధ్యకు తెస్తే వెనక్కి తిరిగి షెడ్డులోకే పోయింది.

ఆ రెక్కలు తిన్నని రేకులు, మొదలు నుంచి కొస దాకా ఒకటే వాలు. తిరిగేటప్పుడు కొస వేగంగా పోతుంది. ఇరుసును పట్టుకున్న హబ్ దగ్గర రెక్క నెమ్మదిగా కదులుతుంది. కొసకు సరిపోయిన వాలు అక్కడ చాలదు. నెట్టే బలం లేక, బయటికి పోయిన తడి గాలి నడిమి నుంచి మళ్లీ లోపలికి వస్తోంది. మంచి రెక్కకు ట్విస్ట్, అంటే మెలి, ఉంటుంది: మొదట్లో వాలు ఎక్కువ, కొసకు పోయేకొద్దీ తక్కువ. గరిటె వీపులా కాస్త వంపూ ఉంటుంది.

“రెక్కలు మారుస్తామండి” అని మాత్రం నూకాలమ్మతో అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆమె అడగలేదు.

అదే మోటారుకు మెలి రెక్కలు బిగించాక నడిమి పొగ కూడా బయటికే పోయింది. ఆ ముసురులోనే చేపలు గలగలలాడేలా ఎండాయి.

“ఈపాలి ఉప్పు నానే ఏసినాను, సూడు” అంది నూకాలమ్మ సంబరంగా. నేను అనెమోమీటర్‌ను సంచిలో సర్దుకున్నాను.

ఆ తర్వాత ఏ ఫ్యాన్‌నైనా నడిమధ్య నుంచి అంచు దాకా కొలవకుండా మాట చెప్పలేదు. కానీ నాకు బోధపడింది కొలత ఒక్కటే కాదు. మనం తేలిగ్గా ‘బాగుంది’ అనేస్తే, ఆ మాట బరువు ఇంకెవరి మీదో పడుతుంది.

నూకాలమ్మ ఉప్పు మాట అన్న రోజే, తిరిగి వెళ్లేటప్పుడు రోడ్డు మీద పోలమ్మ ఒంటరిగా కనిపించింది. “తప్పు నీ ఉప్పుది కాదు, రెక్కలది. నేను మొదటిసారే సరిగ్గా కొలిచి ఉంటే తెలిసిపోయేది” అన్నాను, నాకే సరిగా వినిపించనంత మెల్లగా.

పోలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“నాకు సెప్తే ఏటి లాభం? రా అమ్మా, మా అత్త ముందర గట్టిగా సెప్పు.”