కాళ్లని ఎవరూ అడగలేదు

తిరువళ్లూరులో రైలెక్కితే ఎదురు సీటులో ఒక పెద్దాయన. నడుం నుంచి పైకి మనిషి బొమ్మ మాదిరి కూర్చోనుండాడు. కింద కాళ్లు మాత్రం ఒకటి మార్చి ఒకటి తొక్కతా ఉండాయి. మాది నేతోళ్ల ఇల్లు, చూడంగానే తెలిసిపోయింది. అది గుంత మగ్గం తొక్కుడు.

"ఇంకా నేస్తా ఉండారా అయ్యా?" అని అడిగినాను.

"యాడ నాయనా! నడుం నొప్పికి మగ్గం పీకేసి, గుంత పూడ్చి సిమెంటు ఏసేసినాము. మద్రాసులో నొప్పికి కొత్త మందు మనుషులకిచ్చి పరీక్ష చేస్తా ఉంటే, ఆ మందు తినేదానికి నేనూ చేరినాను. పోయినప్పుడల్లా నొప్పి పదికి ఎంత అంటారు. రెండు అంటాను. సంతోషంగా రాసుకుంటారు."

"మంచిదే కదా?"

"కాళ్లు ఊరికే ఉంటాయా అని ఒకరూ అడగరు. ఆ మందు మొదలుపెట్టినప్పటి నుంచే ఇవి ఇట్లా ఆడేది. ఇవి ఆడినప్పుడంతా సిమెంటు కింద మగ్గం చప్పుడు వినిపిస్తాది. నా పెండ్లాం భయపడి కూతురింటికి పోయింది. నొప్పి ఉన్నా పరవాలేదు, ఆమె తిరిగొస్తే చాలు నాకు."

కడంబత్తూరు దాటినాక ఆయన నిద్రపోయినాడు. కాళ్లు ఆగలేదు. తిరుత్తణిలో నేను దిగేటప్పుడు కూడా ఆడతానే ఉండాయి.

ఇప్పుడు నేనూ నడుం నొప్పికి మందు తింటా ఉండాను. బాగానే పనిచేస్తా ఉంది. డాక్టరు పదికి ఎంత అని అడిగితే, ముందు బల్ల కింద నా కాళ్లు చూసుకుంటాను.