లేని మొక్కు

మా నాన్న గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఊరంతా దాన్ని మంచితనం అంటుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పటి మాట. మా ఊరు అత్తిలి దగ్గర, కాలేజీ తాడేపల్లిగూడెంలో. ఒక శనివారం మా ఇంగ్లీషు మేడమ్ ప్రొజెక్టర్ పెట్టి పాత నలుపు తెలుపు సినిమా చూపించారు. మాటల్లేని సినిమా. ఫ్రాన్సు దేశంలో ఎన్నో వందల ఏళ్ళ కిందట ఒక రైతుపిల్ల, దేవుడు తనతో మాట్లాడాడని చెప్పి, మగవేషం వేసుకుని, సైన్యాన్ని నడిపి యుద్ధం గెలిపించింది. తర్వాత శత్రువులకు చిక్కింది. మతపెద్దలు చుట్టూ కూర్చుని, తప్పంతా నాదేనని రాసిన కాగితం మీద సంతకం పెట్టించారు. ఆ పిల్ల ఆ మాట వెనక్కి తీసుకుంది. కాల్చేశారు. మంటలకంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ పెద్దల్లో ఒక ముసలాయన మొహం. కొట్టడు, తిట్టడు. దగ్గరకొచ్చి, నీ మంచికే తల్లీ అన్నట్టు బుజ్జగిస్తాడు.

ఆ కథనే నాటకంగా చేసి ఏలూరులో కాలేజీల పోటీకి తీసుకెళ్దామన్నారు మేడమ్. ఆ పిల్ల వేషం నాకిచ్చారు. అప్పటిదాకా నన్ను ఎవరూ దేనికీ ఎంచుకోలేదు. ఆ వేషం కోసం నేనేమైనా చేసేదాన్ని. విగ్గు పెడదామంటే నేనే ఒప్పుకోలేదు. గూడెంలో బ్యూటీ పార్లర్‌కి వెళ్ళి, నడుం దాటిన జడని మెడదాకా కత్తిరించేసుకున్నాను. అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను కూడా.

ఇంటికొచ్చేసరికి అమ్మ వరండాలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చేట వదిలేసింది.

"అయ్యబాబోయ్! ఏం పనే ఇది? నలుగుర్లో ఎలా తలెత్తుకోనే?"

అప్పుడే పక్కింటి పిన్నిగారు గోడమీంచి తొంగిచూసింది. "ఏవండీ వదినగారూ, అమ్మాయి జుట్టేవైందండీ?"

అమ్మ రెప్పపాటు కూడా ఆలోచించలేదు. "మొక్కండీ. చిన్నతిరుపతి మొక్కు."

"ఎందుకండీ పాపం?"

"వాళ్ళ నాన్నగారికి గుండెల్లో నొప్పొచ్చింది కదండీ."

నాన్నకి గుండెనొప్పి ఏనాడూ రాలేదు. అయినా సాయంత్రానికి ముగ్గురు పరామర్శకొచ్చారు. ఆయన పడక్కుర్చీలో కూర్చుని, "ఇప్పుడు పర్లేదండీ, తగ్గిందండీ" అని అందరికీ మర్యాదగా చెప్పి పంపించారు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. మావాళ్ళు దానికి సున్నం కూడా వేశారు.

ఇక నాన్నమ్మ. కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. పదహారేళ్ళప్పుడు కొల్లేరు పొంగితే, తాటిదోనెని గెడకర్రతో నెట్టుకుంటూ తమ్ముళ్ళిద్దర్నీ గట్టుకి చేర్చిందట. ఆ సంగతి చెబుతుంటే ఆవిడ కళ్ళు మెరిసేవి. ఆవిడైనా నా పక్కన నిలబడుతుందనుకున్నాను. నా పిచ్చి!

"స్వామి పేరెత్తి మొక్కనేశావు," అంది అమ్మతో. "తీర్చకపోతే ఊరుకుంటాడా? అన్నమాట నిజమై మావాడికి నిజంగానే నొప్పొస్తే ఎవరే దిక్కు? గుండు చేయించాల్సిందే."

"అసలు మొక్కే లేదు కదా నాన్నమ్మా!" అని అరిచాను.

"ఇందాకటిదాకా లేదే. ఇప్పుడుంది."

అమ్మకి భయమేసింది. "మూడు కత్తెర్లిస్తే చాలదా అత్తయ్యగారూ?" అంది. గుండు వద్దనుకున్న ఆడవాళ్ళు మూడుచోట్ల కొసలు కత్తిరింపించుకుంటారు, అది.

"జడంతా పార్లరుకిచ్చి, కొసలు స్వామికా?" అంది నాన్నమ్మ.

అదీ మా ఇంటి న్యాయం. అబద్ధమాడింది అమ్మ, తలూపింది నాన్న, గుండు నాకు. నాన్న నన్ను పక్కకి పిలిచి, "నీ ఇష్టం అమ్మా. నేను బలవంతం చెయ్యను. రేప్పొద్దున నాకేవైనా అయితే నువ్వు కుమిలిపోతావేమోనని, అంతే" అన్నారు. తేనె పూసిన కత్తి అంటారే, అది ఇదే. కేకలేసి ఉంటే నేనూ కేకలేసేదాన్ని. మెత్తగా మాట్లాడే మనిషి మీద ఎలా తిరగబడాలో నాకెవరూ నేర్పలేదు.

రెండ్రోజుల తర్వాత కారు మాట్లాడుకుని, భీమడోలు మీదుగా చిన్నతిరుపతి కొండకి వెళ్ళాం. కల్యాణకట్టలో కత్తి పట్టుకున్నాయన నా తల తడుపుతూ, "మొక్కేనామ్మా?" అని అడిగాడు. మాటవరసకి అడిగాడంతే. నాకది ఆఖరి అవకాశం. పక్కన నాన్న నిలబడి ఉన్నారు.

"ఆయ్, మొక్కేనండీ," అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఛీ! ఇన్నేళ్ళయినా ఆ నోటిని తిట్టుకోని రోజు లేదు.

అయినా ఒక ఆశ మిగిలింది. ఆ సినిమాలో చివర ఆ పిల్లకీ తల గొరిగేస్తారు. ఫోన్ చేస్తే మేడమ్ కూడా, "గుండయితే ఏవమ్మా, ఇంకా మంచిది. రిహార్సల్‌కి వచ్చెయ్" అన్నారు. నాన్నమ్మ ఒంటికాలి మీద లేచింది. స్వామికి తల ఇచ్చొచ్చిన పిల్ల మొహానికి రంగేసుకుని స్టేజీ ఎక్కుతుందా అంది. విషయం తెలిసి మేడమ్ ఆ సాయంత్రం నాన్నకే ఫోన్ చేశారు. నాన్న స్పీకర్ పెట్టారు.

"మీ అమ్మాయి వేస్తేనే బాగుంటుందండీ. పంపించండి," అన్నారు మేడమ్.

"అయ్యో, మాదేవుందండీ! తనిష్టం," అని నాన్న ఫోన్ నావైపు తిప్పారు. "వేస్తావా అమ్మా?"

నాన్నమ్మ పూజగది గుమ్మంలో నిలబడింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న రెండో చెయ్యి ఆయన గుండె మీద ఉంది. నిజంగా నొప్పో, నాటకమో, ఊరికే పడిందో నాకు ఈరోజుకీ తెలియదు.

"వద్దు మేడమ్," అన్నాను.

ఆ వేషం ఇంకో అమ్మాయి విగ్గు పెట్టుకుని వేసింది. నేను చూడ్డానికి కూడా వెళ్ళలేదు.

తర్వాత నాకు జుట్టొచ్చింది, ఉద్యోగమొచ్చింది, పెళ్ళయింది. నాన్నమ్మ పోయింది. నాన్న గుండె రాయిలా ఉంది. మొన్న నేను పుట్టింట్లో ఉండగా మా అత్తవారి తరఫు చుట్టాలొస్తే, నాన్న మళ్ళీ ఆ కథ ఎత్తుకున్నారు.

"మా అమ్మాయి నా ప్రాణం కోసం గుండు చేయించుకుందండీ. ఏలూరులో నాటకం కూడా వదులుకుంది. వెయ్యమ్మా అని మేం అడిగామండీ. తనే వద్దంది."

"బంగారుతల్లి!" అంది చుట్టాల్లో ఒకావిడ. ఇలాంటప్పుడు నవ్వి, కాఫీలందించి, లోపలికి వెళ్ళిపోవడం నాకు అలవాటు. ఆరోజు మాత్రం ట్రే కింద పెట్టేశాను.

"మొక్కూ లేదండీ, ఈయనకి నొప్పీ లేదు," అన్నాను. "నన్నడిగిన మాట మాత్రం నిజమే. గుండు కొట్టించాక, గుండె మీద చెయ్యేసుకుని అడిగారు."