దోన్ ఎర్రోడు గారి అభిప్రాయాలు

ఆ రోజుల్లో నాకు స్పెయిన్ దేశం గురించి తెలిసినంతగా మా ఇబ్రహీంపట్నంలో మా వెనక వీధి గురించి కూడా తెలియదు. అక్కడ ఏ ఊళ్లో ఇంగ్లీషు వచ్చిన పళ్ల డాక్టరు ఉన్నాడో, నల్లా బాగుచేసేవాడు ఎక్కడ చెప్పిన రోజుకే వస్తాడో, ఎవరింటి కుక్క పక్కింటివాళ్లను నిద్రపోనివ్వడం లేదో అడిగితే తడుముకోకుండా చెప్పేదాన్ని. పాస్‌పోర్టు మాత్రం లేదు. (ఇప్పుడుంది. అందులో ఇంతవరకు ఒక్క ముద్ర కూడా పడలేదు.) ఇరవై రెండేళ్ల వయసులో మనిషి తాను చూడని దేశం మీద, తనకు తెలియని మనుషుల మీద ఎంత ధీమాగా తీర్పులు చెప్పగలదో తలుచుకుంటే ఇప్పుడు కాస్త సిగ్గు, కాస్త అసూయ రెండూ కలుగుతాయి.

శేరిగూడలో ఇంజనీరింగు పూర్తిచేసి (అంటే నాలుగేళ్లు బస్సులో పోయి వచ్చి) నేను సంపాదించిన మొదటి ఉద్యోగం ఒక వెబ్‌సైటుకు కాపలా కాయడం. ఇంగ్లండులో రిటైరై, ఎండ కోసం స్పెయిన్‌లో కాపురం పెట్టిన పెద్దవాళ్లు అందులో ఒకరి కష్టసుఖాలు ఒకరు అడుగుతారు, పనిలో పనిగా తిట్టుకుంటారు. ఆ తిట్లన్నీ చదివి, హద్దు దాటినవి తీసెయ్యడం నా పని. నియమాలు రెండే. సొంత అభిప్రాయం రాయకూడదు. దొంగ పేరుతో అసలే రాయకూడదు. ఆరు నెలలు చూసి, బాగుంటే పర్మనెంట్ చేస్తాం, లేకపోతే ఇంటికి పంపిస్తాం అన్నారు. మా అమ్మ అంత ఆగలేదు. మొదటి వారంలోనే కిరాణా కొట్టు దగ్గర మొదలుపెట్టి మీర్‌పేట్‌లో ఉండే చిన్నమ్మ దాకా అందరికీ 'మా పిల్లది పర్మినెంటు' అని చెప్పేసింది. అందువల్ల ఆ ఉద్యోగం పోతే నాది ఒక్కదానిదే కాదు, అమ్మ పరువు కూడా పోతుంది. ఏళ్ల తరబడి కోచింగ్ ఫీజులు కట్టి అలిసిపోయిన ఆ తల్లికి ఆ ఒక్క మాటే పండగ.

నేను చేరిన నెలకే కరోనా వచ్చి ఆఫీసు మూసేశారు. ఇంటి నుంచే పని అన్నారు. మా ఇంట్లో సిగ్నల్ దొరికేది ఒకే ఒక్క చోట, పశువుల కొట్టం గుమ్మంలో. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, బోర్లించిన గంప మీద లాప్‌టాప్ పెట్టుకుని అక్కడే కూర్చునేదాన్ని. నా వెనక ఒక బర్రె, ఒక ఎద్దు ఉండేవి. ఎద్దు పేరు ఎర్రోడు. దాని జోడు ముందటేడు పోయింది. "మంచి రైతుకిచ్చిన" అన్నాడు బాపు (మా నాన్న), మేం ఇంకేమీ అడగలేదు. జోడు లేని ఎద్దు దున్నడానికీ పనికిరాదు, బండికీ పనికిరాదు. అయినా బాపు రోజూ దానికి గడ్డి వేసేవాడు, కుడితి పెట్టేవాడు, వేసవిలో గోనెపట్టా తడిపి వీపు మీద కప్పేవాడు. మీటింగుల్లో ఎర్రోడు అంబా అన్నప్పుడల్లా మా టీం లీడరన్న "చెల్లే, జర మ్యూట్ జేసుకో" అనేవాడు. పాపం, నేను అరిచాననుకునేవాడేమో.

ఆ వెబ్‌సైటులో ఎప్పటికీ చల్లారని తగవు ఎద్దుల ఆట గురించి. అదే, గుండ్రటి మైదానంలో ఎద్దును నిలబెట్టి, జనం చూస్తుండగా కత్తితో పొడిచి చంపే ఆట. ఆ ఏడు కరోనాతో ఆటలు ఆగిపోయాయి గాని తగవు ఆగలేదు. ఒకవైపు నాయకురాలు ఒక పెద్దావిడ. తన ఫొటో ఉండాల్సిన చోట నాలుగు పిల్లుల ఫొటో పెట్టుకుంది కాబట్టి నేను ఆమెకు పిల్లులమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఇది రాక్షసత్వం, ఎలాగూ ఆగింది గదా, ఇక మొదలుపెట్టనివ్వద్దు అని ఆవిడ వాదం. రెండోవైపు గడ్డి టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి. మనం పరాయి దేశం నుంచి వచ్చి వీళ్ల ఎండలో కూర్చున్నవాళ్లం, వీళ్ల ఆచారం మీద నోరెత్తే హక్కు మనకు లేదు, అది కళ, ఆ ఎద్దు నాలుగైదేళ్లు పచ్చిక బయళ్లలో రాజాలాగా బతుకుతుంది అని ఆయన వాదం. ఇద్దరూ చదువుకున్నవాళ్లే కాబట్టి చాలా మర్యాదగా తిట్టుకునేవాళ్లు. అందుకే ఏది తీసెయ్యాలో నాకు తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం బాపు గడ్డి వేస్తూ నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఏం బిడ్డా, పొద్దుగాల్నుంచి గంతగనం ఏం జూస్తున్నవ్?"

"ఎద్దుల పంచాయితి బాపు. స్పెయిన్ల."

"యాడిదైతేంది, చెప్పు."

చెప్పాను. బాపు గడ్డిమోపు కింద పెట్టి, కింద కూర్చుని, పంచాయితీ పెద్దలాగా విన్నాడు. ఆ ఎద్దు దున్నుతుందా అని అడిగాడు. దున్నదన్నాను. బండి కడతారా? కట్టరన్నాను. "మరెందుకు సాదుతరు?" అన్నాడు. "చంపనీకె" అన్నాను. తల తిప్పి ఎర్రోడి వైపు చూశాడు. కాస్త ఊరటగా ఉంటుందని నేను టోపీ పెద్దమనిషి చెప్పిన సంగతి ఒకటి చెప్పాను. ఎద్దు మరీ బాగా కొట్లాడితే ఎప్పుడో ఒకసారి దాన్ని క్షమించి ఇంటికి పంపిస్తారట.

"మాఫ్ జేస్తరా?" అన్నాడు బాపు. "ఎద్దు ఏం తప్పు జేసిందని?"

అంతే. అన్ని వందల వ్యాఖ్యలు చదివాను గాని ఈ మాట ఒక్కరూ అనలేదు. నా దగ్గర పరీక్ష కోసం పెట్టుకున్న ఉత్తుత్తి ఖాతా ఒకటి ఉంది. బటన్లు పనిచేస్తున్నాయో లేదో చూడడానికి. పేరు అడిగితే వెనక ఉన్న ఎర్రోడి పేరు రాశాను, ఊరు అడిగితే జాబితాలో మొదట ఉన్న స్పెయిన్ జిల్లా నొక్కాను. ఆ ఖాతాలోంచి బాపు మాట ఇంగ్లీషులో పెట్టాను. వేలు జారిందని తర్వాత టీం లీడరన్నకు చెప్పాను. మీతో అబద్ధం ఎందుకు, వేలు జారలేదు.

గంట తిరిగేసరికి ఎర్రోడు ప్రముఖుడైపోయాడు. ఇన్నాళ్లకు ఒక స్థానికుడు నోరు విప్పాడని అందరూ మురిసిపోయారు. ఎర్రోడు అన్న పేరులో వాళ్లకు స్పెయిన్ పల్లెటూరు వినబడిందట, పెద్దమనుషుల పేరుకు ముందు అక్కడ తగిలించే 'దోన్' చేర్చి 'దోన్ ఎర్రోడు గారూ' అని గౌరవంగా పిలవడం మొదలుపెట్టారు. ఎద్దు పేరు, బాపు మాట, నా ఇంగ్లీషు కలిసి స్పెయిన్ పెద్దరైతు తయారయ్యాడు. ఇక రోజూ ఆయనకు ప్రశ్నలు వచ్చేవి. నేను చదివి వినిపించేదాన్ని, బాపు గడ్డి వేస్తూ జవాబు చెప్పేవాడు. ముసలితనంతో కుంగి చచ్చే కన్నా కొట్లాడుతూ చావడం ఎద్దుకు గౌరవం కాదా అని టోపీ పెద్దమనిషి అడిగాడు. "ఎద్దును అడిగిండా?" అన్నాడు బాపు. అయితే మీరు మా వైపే అని పిల్లులమ్మ సంబరపడింది. "నేనెవ్వరి దిక్కు గాదు. మనం బోనాలకు యాటను కొయ్యమా? ఏం ముఖం పెట్టుకొని చెప్పాలె?" అన్నాడు. (బోనాలను ఊరి జాతర చేసి పెట్టాను.) ఆమె అంతటితో ఊరుకోకుండా జంతువులంటే తనకు ప్రాణమని రాసింది. బాపు ఆలోచించి, "ఆమె కూర తింటదా అడుగు" అన్నాడు.

ఇక్కడే నా చదువు బయటపడింది. మా ఇళ్లలో ఊరికే కూర అంటే మాంసమే, ఆకుకూరలూ కాయగూరలూ ఆ లెక్కలోకి రావు. నేను మాత్రం తొందరలో 'మీరు కర్రీ తింటారా' అని పెట్టేశాను. తనకు కర్రీ అంటే చాలా ఇష్టమనీ, కొబ్బరిపాలు పోస్తే ఇంకా ఇష్టమనీ పిల్లులమ్మ జవాబిచ్చింది. స్పెయిన్ రైతుకు కర్రీ సంగతి ఎందుకని టోపీ పెద్దమనిషికి మొదటిసారి అనుమానం వచ్చింది. ఆయన కంపెనీకి ఉత్తరం రాశాడని నాకు తర్వాత తెలిసింది.

బాపు పదేపదే అడిగిన ప్రశ్న ఇంకొకటి ఉంది. "చంపెటోడు వేరే, సాదినోడు వేరే అంటివి. మరి గా సాదినోడు అప్పుడు యాడ కూసుంటడు?" టోపీ పెద్దమనిషి దానికి గర్వంగా జవాబు రాశాడు. పెంచినవాడు ముందు వరుసలోనే కూర్చుంటాడనీ, ఎద్దు బాగా ఆడితే జనం ఆయనకు కూడా చప్పట్లు కొడతారనీ. నేను చదివి వినిపించాను. "లేచి నిలవడ్తడా?" అన్నాడు బాపు. నిలబడతాడట అన్నాను. బాపు మోపులో మిగిలిన గడ్డంతా ఎర్రోడి ముందే వేశాడు.

ఆ మర్నాడు పిల్లులమ్మ చాలా మెత్తగా ఒక మాట అడిగింది. 'దోన్ ఎర్రోడు గారూ, మీ ఎద్దులు ముసలివైతే మీరేం చేస్తారు?' నేను మామూలుగానే చదివాను. బాపు వినపడనట్టు బయటికి వెళ్లిపోయాడు. సాయంత్రం మళ్లీ అడిగితే బర్రెకు నీళ్లు పెట్టాలన్నాడు. వంటింట్లోంచి అమ్మ, "గా ముచ్చట అడగకే" అంది. రెండు రోజులు గడిచాయి. మూడోరోజు ఆయనే వచ్చి, నా కుర్చీ పక్కన నిలబడి, ఎర్రోడి గంగడోలు నిమురుతూ చెప్పాడు.

"రాయి. దీని జోడును అంగట్ల అమ్మిన. కొన్నోడు దున్నెటోడు గాదు. నాకెర్కనే. తాడు వాని చేతుల వెట్టి, ఎన్కకు సూడకుంట వచ్చి బస్సెక్కిన. సాదినోడు యాడ కూసుంటడని నేనే అడుగుతి గదా. బస్సుల కిటికి పక్కకు కూసున్న. గంతే, రాయి."

రాశాను. ఒక్క ముక్క మార్చలేదు. కూర దగ్గర చేసిన తప్పు మళ్లీ చెయ్యలేదు. నా ఏడుపు ఇంగ్లీషు వ్యాకరణానికి అడ్డం రాకుండా చూసుకున్నాను. పెట్టిన పావుగంటకు ఫోను మోగింది.

"చెల్లే, గా ముసలాయన ఎవరు? నిజం చెప్పు" అన్నాడు టీం లీడరన్న. చెప్పాను. అటువైపు ఆయన నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది. మంచి మనిషి. "రేపే నీ పర్మినెంట్ మీటింగు. టోపీ ఆయన పైకి రాసిండు. నేను జెప్పినట్టు మెయిల్ పెట్టు. గది టెస్టింగ్ ఖాతా, పొరపాటున పబ్లిక్ అయింది, గసొంటి మనిషి ఎవ్వడు లేడు, మాటలన్ని ఉత్తగ రాసినవి అని. పెట్టి, ఖాతా మొత్తం తీసెయ్. లేకుంటే నేను గూడ ఏం జెయ్యలేను."

మీరు నన్ను ధీరురాలు అనుకోవాలని నాకూ ఉంది. కాని మెయిల్ పెట్టాను. 'అటువంటి వ్యక్తి ఎవరూ లేరు' అని ఇంగ్లీషులో టైపు చేస్తున్నప్పుడు ఆ వ్యక్తి నాకు రెండు గజాల దూరంలో పేడ ఎత్తుతున్నాడు. పిల్లులమ్మ దగ్గర్నుంచి ఒక జవాబు వచ్చిందని మూలన ఎర్రటి గుర్తు కనిపించింది. అది తెరిస్తే మనసు మారుతుందని భయపడి తెరవకుండానే ఖాతా తీసేశాను. ఖాతాతో పాటు జవాబు కూడా పోయింది. నా పని నేను ఎప్పుడూ అంత చురుగ్గా చెయ్యలేదు.

బాపు చేతులు కడుక్కుని వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. రోజూ అడిగేవాడు గాదు, ఆ రోజు అడిగాడు.

"ఏమన్నదే గా పిల్లులమ్మ?"

మాట దానంతటది వచ్చేసింది. "ఆమెకు గూడ ఒక ముసలి కుక్క ఉండెనట బాపు. లేవలేకపోతుంటే దవాఖానకు తీస్కపోయి సూది ఇప్పిచ్చిందట. లోపటికి పోబుద్ది గాలేదట."

"పాపం. మరి ఆమె యాడ కూసున్నదట?"

"కార్ల."

"ఎన్క సీట్లనా?"

"కాదు, ముందట. ఆమెనే నడుపుకుంట ఇంటికొచ్చిందట."

బాపు చాలాసేపు తల ఊపాడు. "గదింకా కష్టం బిడ్డా" అన్నాడు. "నాకైతే బస్సు వేరేటోడు నడిపిండు."

మర్నాడు నేను పర్మనెంట్ అయ్యాను. అమ్మ అందరికీ రెండోసారి చెప్పింది. ఇప్పుడు నేను వేరే కంపెనీలో, గోడలున్న గదిలో కూర్చుని, నా కింద పనిచేసే పిల్లలకు నియమాలు చెబుతుంటాను. సొంత అభిప్రాయం రాయద్దంటాను. రెండో నియమం చెప్పేటప్పుడు మాత్రం కిటికీ వైపు చూస్తాను. ఆనాడు కొట్టం గుమ్మంలో కూర్చుని ఆ మెయిల్ పెట్టిన పిల్ల మీద నాకు కోపం లేదు. దానికి ఉద్యోగం కావాలి, అంతకన్నా వాళ్లమ్మకు కావాలి. జవాబు తెరిచి చదివి ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది.

బాపు మనసులో పిల్లులమ్మ ఇంకా ఉంది. ఆమె బాగుందా అని అప్పుడప్పుడు అడుగుతాడు. బాగుందంటాను. అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి ఆవిడకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి, తగ్గాయి, ఒక పిల్లి ఈనింది. ఎర్రోడు మొన్న చలికాలంలో మా కొట్టంలోనే, తన గుంజ దగ్గరే, ముసలితనంతో పోయాడు. బాపు అంగడికి తోలలేదు. మా చెలక గట్టునే గొయ్యి తీయించి, మట్టి కప్పి, చేతులు దులుపుకుంటూ నాకు ఫోన్ చేశాడు. "గా పిల్లులమ్మకు రాయి బిడ్డా, ఇది ఇంట్లనే పోయిందని" అన్నాడు. రాస్తా బాపు అన్నాను. ఇదిగో, రాశాను. ఆమెకు తెలుగు రాదు గాని, ఈసారి ఒక్క ముక్క కూడా నా కల్పన కాదు.