ఎస్తేరమ్మ గారి చివరి జాడీ

1962లో ముత్తుకూరులోని ఒక చిన్న ధర్మాసుపత్రిలో కాంపౌండరుగా ఉన్నాను. డాక్టరు రాసిచ్చిన మందు కొలిచి కలపడం, వడగట్టి సీసాలో పోయడం, చీటీ అంటించడం నా పని. మిక్స్చరు తేటగా కనబడితేనే రోగికి నమ్మకం కలుగుతుందని నాకు పని నేర్పినవారు చెప్పారు. నేనూ అదే నమ్మాను.

ఎస్తేరమ్మ గారు చర్చి పక్క వీధిలో ఉండేవారు. బడిలో టీచరుగా చేసి మానుకున్నారు. ఈస్టరు ఆరాధనలో పంచే ద్రాక్షరసం ఏటా ఆమే తయారు చేసేవారు. మద్యనిషేధం కాలమే అయినా చర్చి వాడకానికి అనుమతి ఉండేది. ఎండుద్రాక్ష, చక్కెర, కాచి చల్లార్చిన నీళ్లు జాడీలో పోసి, గుడ్డ కట్టి పులియబెట్టేవారు. పొంగు తగ్గాక మడ్డి అడుగుకు చేరుతుంది. దాన్ని కదపకుండా పైరసం తీసి, మరికొన్నాళ్లు నిలవ ఉంచాలి. ఆమె రసం ఉన్న గ్లాసులోంచి చూస్తే అవతలి కిటికీ ఊచలు లెక్కపెట్టవచ్చు.

ఆ ఏడు జాడీకి గుడ్డ కట్టిన కొద్దిరోజులకే ఆమె మంచం పట్టారు. కడుపులో గడ్డ. నెల్లూరులో చూసి, ఇక చేయగలిగింది లేదని ఇంటికి పంపేశారు. నొప్పికి మందివ్వడానికి నేను రోజూ వెళ్లేవాణ్ని.

"దానియేలూ, రసం తీసే వేళయింది. నా చేత కాదు. నువ్వు తీస్తావా?" అన్నారు ఒకరోజు.

ఆసుపత్రి నుంచి రబ్బరు గొట్టం, పెద్ద గాజుసీసా తీసుకెళ్లాను. జాడీని ఎత్తు మీద పెట్టి, గొట్టంతో రసాన్ని కిందికి దించాను. మేం దీన్ని సైఫన్ అంటాం. ఆమె మంచం మీది నుంచే చెబుతున్నారు.

"గొట్టం అడుక్కి దించబాక నాయనా, మడ్డి లేస్తాది. ఎండలు ముదిరితే ఒక్కోసారి తేటపడదు. దానికో ఉపాయం ఉండాది. అవసరమైతే చెప్తాలే."

రెండు వారాలైనా రసం మసకగానే ఉంది. నాకు తెలిసిన విద్య ఫిల్టర్ పేపరు. గరాటులో మడిచిపెట్టి పోశాను. కాసేపటికే కాగితం పూడుకుపోయింది. దిగిన కాస్తా మసకే.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం మర్నాడు ఆమెకు ఊపిరి బరువైంది. కూతురు రత్నమ్మ నన్ను గుమ్మంలోనే ఆపింది.

"అన్నా, పొద్దున్నించి అదే అడగతా ఉంది. తేటపడలేదంటే తట్టుకోలేదు. ఎట్నో ఒకట్ల సర్దిచెప్పన్నా."

ఆసుపత్రిలో మిక్స్చర్లకు రంగు కోసం మాడ్చిన చక్కెర పాకం ఉండేది. నీళ్లలో కలిపి, తెల్లసీసాలో పోసి తెచ్చాను. కిటికీ ముందు ఎత్తి పట్టుకుంటే ఎర్రగా మెరిసింది.

"తేటపడిందా?" అన్నారామె.

"పడిందమ్మా."

"మూత తియ్యి. వాసన చూస్తా."

"గాలి తగిలితే చెడిపోతుందేమోనమ్మా."

ఆమె సీసా మీంచి చూపు తిప్పి నా ముఖంకేసి చూశారు. "సరేలే నాయనా. అట్నే ఉండనీ" అని కళ్లు మూసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం పోయారు. ఈస్టరుకు పాస్టరు గారు వేరే ఊరి చర్చి నుంచి రసం తెప్పించారు. ఆ ఆరాధనలో నేను తలెత్తలేదు.

తర్వాత రత్నమ్మ చెప్పింది. "నువ్వు పోయినాక అమ్మ ఒక మాట అనింది. 'దానియేలు నా కోసం అబద్ధమాడినాడు. వాణ్ని ఏమీ అనబాకండి. ఆ ఉపాయం ముందే చెప్పుండాల్సింది' అనింది. ఏంది మా అది అని అడిగినా. అప్పటికే మాట పడిపోయింది."

చాలా ఏళ్లకు మరో కాంపౌండరు ఫైనింగ్ అనే పద్ధతి గురించి చెప్పాడు. గిలక్కొట్టిన గుడ్డు తెల్లసొన కలిపితే, అది మసకనంతా పట్టుకుని అడుగుకు దిగుతుందట. ఎస్తేరమ్మ గారి ఉపాయం అదేనో, మరొకటో నాకు తెలియదు.

ఆ రోజు నేను "లేదమ్మా, మసకగానే ఉంది. ఏం చేయమంటారు?" అని అడిగి ఉంటే ఆమె చెప్పేవారు. చెప్పడానికి ఊపిరి ఉంది. ఆ ఊపిరిని నా అబద్ధాన్ని మన్నించడానికి ఖర్చు చేశారు.

తర్వాత ఎన్నో మంచాల దగ్గర నిలబడ్డాను. "నాకు తగ్గుతుందా?" అని అడిగినవాళ్లకు తెలిసినంత నిజమే చెప్పి, స్టూలు లాక్కుని పక్కన కూర్చునేవాణ్ని. కొందరు ఏడ్చేవారు. కాసేపటికి చాలామంది, ఎవరికో చెప్పాలని దాచుకున్న మాటేదో మొదలుపెట్టేవారు.